షిఫ్టును చూసి పొయ్యి వెలిగించండి

ఆరోగ్యం మీద వచ్చే పుస్తకాల్లో ఒక మనిషి ఉంటాడు. పొద్దున ఆరింటికి లేచి నడకకు వెళ్తాడు, ఎనిమిదింటికి నానబెట్టిన బాదంపప్పులు తింటాడు, ఒంటిగంటకు భోంచేస్తాడు, రాత్రి ఎనిమిదిలోపు తేలికపాటి పలహారం ముగించి పదింటికి పడుకుంటాడు. కడోదరాలో ఈ మనిషి దొరకడు. ఇక్కడ పొద్దున ఏడింటికి ఒకడు డబ్బా పట్టుకుని మిల్లు గేటు లోపలికి పోతుంటే, ఇంకొకడు రాత్రంతా నిలబడిన కాళ్లు ఈడ్చుకుంటూ బయటికొస్తుంటాడు. వారమో పదిహేను రోజులో గడిచేసరికి ఇద్దరూ తారుమారవుతారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం, వాళ్ల ఇళ్లల్లో పొయ్యి ముందు నిలబడేవాళ్ల కోసం.

సూరత్ నుంచి బార్డోలీ వైపు పోయే రోడ్డు ముంబయి–అహ్మదాబాద్ హైవేను దాటే చోట ఉంది కడోదరా. పల్సానా తాలూకా. చుట్టూ డయింగ్, ప్రింటింగ్ మిల్లులు, సాంచెలు అనే మరమగ్గాలు, కాస్త అవతల చల్తాన్ చక్కెర ఫ్యాక్టరీ, దానికి చెరకు అందించే పొలాలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచెల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు వినపడని వీధి తక్కువ. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే మనవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు. పిల్లల చదువు, ఇంటి కిరాయి, ఊరికి పంపే డబ్బు, అన్నీ లెక్క ప్రకారం నడిపే ఈ ఇళ్లల్లో తిండి ఒక్కటే లెక్క తప్పుతుంది. వండడం రాక కాదు, వేళ కుదరక.

నా మాట మొదటే చెప్పేస్తాను. షిఫ్టు ఉన్న ఇంట్లో వంట నిలబడాలంటే పొయ్యిని గడియారానికి కాదు, షిఫ్టుకు కట్టాలి. పెద్ద వంట పనికి పోయే ముందే అయిపోవాలి. పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చాక ఇప్పుడు వండుదాం అనుకున్నవాళ్లలో చాలామంది దారిలోనే సమోసానో వడాపావో కట్టించుకుంటారు. అది వాళ్ల బద్ధకం కాదు. ఆకలితో, అలసటతో ఉన్నవాడికి ఎదురుగా వేడివేడి నూనె వాసన తగిలితే జరిగేది అదే.

డబ్బాలో ఏముంది?

మిల్లులో మనవాళ్ల డబ్బా తెరిస్తే చాలాసార్లు కనిపించేది ఇది: ముప్పావు డబ్బా అన్నం, మూలకు రెండు గరిటెల ఆలుగడ్డ కూర, ఇంత మామిడికాయ తొక్కు. కడుపు నిండుతుంది. రెండు గంటల తర్వాత కళ్లు మూతలు పడతాయి, అప్పుడు చాయ్, చాయ్ తర్వాత వక్క, పొగాకు కలిపిన మావా. మావాతో ఆకలి చస్తుంది, రాత్రి అన్నం సగమే దిగుతుంది. మావా నమిలేవాడికి ఎంత మంచి వంట పెట్టినా ఒంటికి పట్టదు. ఈ పుస్తకంలో దాని గురించి వేరే అధ్యాయం ఉంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం, 65 కిలోల మగవాడు కూర్చుని పనిచేస్తే రోజుకు 2,110 కెలోరీలు చాలు. మధ్యరకం శ్రమ చేస్తే 2,710, బరువు పని చేస్తే 3,470 కావాలి. 55 కిలోల ఆడమనిషికి ఇవి 1,660, 2,130, 2,720. సాంచెల మధ్య అటూ ఇటూ తిరిగేవాళ్లది మధ్యరకం శ్రమ అనుకోవచ్చు. తడి బట్ట మోసేవాళ్లది, తాకాల, అంటే బట్ట తానుల, కట్టలు లారీకి ఎక్కించేవాళ్లది ముమ్మాటికీ బరువు పనే. ఈ కెలోరీల లోటును అన్నం సులువుగా పూడుస్తుంది, అందుకే అన్నం కుప్ప పెరుగుతూ పోతుంది. పూడనిది ప్రోటీన్. మగవాడికి రోజుకు 54 గ్రాములు, ఆడమనిషికి 46 గ్రాములు కావాలి.

ఇది మాంసం కొంటేనే వస్తుందనుకోవద్దు. 300 గ్రాముల బియ్యంలో ఇరవై గ్రాముల పైచిలుకు ప్రోటీన్ ఉంటుంది. దానికి 80 గ్రాముల కందిపప్పు కలిపితే మరో 17, మూడు వందల మిల్లీలీటర్ల పాలో పెరుగో ఉంటే దాదాపు 10, గుప్పెడు పల్లీలు వేసుకుంటే 7. లెక్క తేలిపోయింది. పైగా బియ్యంలో కొరవడే లైసీన్ పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో తక్కువుండే మెథియొనీన్ బియ్యంలో దొరుకుతుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఇల్లుగలవాళ్లు గుడ్డు కూడా ఒప్పుకోని సొసైటీలు ఇక్కడ చాలా ఉన్నాయి. అలాంటి చోట కిరాయికి ఉండేవాళ్లు దిగులు పడాల్సిన పని లేదు. గుడ్డు తినే వీలుంటే మంచిదే, ఒక్కోటి ఆరు గ్రాములు ఇస్తుంది.

అసలు చిక్కు ఆ 80 గ్రాముల పప్పు దగ్గరే. నలుగురున్న ఇంట్లో రోజుకు 300 గ్రాములు దాటి పప్పు పడాలి. మీ ఇంట్లో కిలో కందిపప్పు ఎన్నాళ్లు వస్తోంది? మూడు రోజులకు కిలో చొప్పున, అంటే నెలకు పది కిలోల దాకా, కంది, పెసర, శనగ, బొబ్బర్లు అన్నీ కలిపి అయిపోతుంటే మీరు సరిగ్గా తింటున్నట్టు. కిలో పప్పు పది రోజులు వస్తుంటే మీ ఇంట్లో చారు కాస్తున్నారు గానీ పప్పు వండడం లేదు.

నూనెకూ ఇలాంటి లెక్కే పెట్టుకోవచ్చు. గుజరాత్‌లో పదిహేను కిలోల నూనె డబ్బా ఒకేసారి కొనే అలవాటు ఉంది, మనవాళ్లకూ అబ్బింది. మనిషికి రోజుకు 27, 28 గ్రాములు చాలు. ఆ చొప్పున నలుగురి ఇంట్లో ఆ డబ్బా నాలుగు నెలలు దాటాలి. రెండు నెలలకే కొత్త డబ్బా వస్తోందంటే సగం నూనె అదనంగా తింటున్నట్టు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. కిలో పొట్లం నలుగురికి యాభై రోజులు రావాలి, తొక్కుల్లో పడే ఉప్పుతో కలిపి. మిల్లు వేడికి చెమటోడ్చేవాళ్లు పల్చటి మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకుని తాగొచ్చు. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం ఈ సంగతి వాళ్ల డాక్టరును అడగాలి.

బియ్యం మీద ఒక మాట. జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే తెల్ల బియ్యంతో ముడిపడింది. 1918లో నీలగిరుల్లోని కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాలే తర్వాత పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు మారింది. మరపట్టి తెల్లగా చేసిన బియ్యంలో తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది, అదే బెరిబెరికి దారి. మిగిలిన కాస్తనూ మనం అయిదారు సార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం. రెండుసార్లు కడిగితే చాలు. ఎసరు సరిపడా పెట్టి వార్చకుండా వండండి. వారిస్తే ఆ గంజిని పప్పులోకో పులుసులోకో పోయండి.

బజారులో అన్నీ ఉన్నాయి

ఇక్కడ మన కూరగాయలు దొరకవని కొందరంటారు. నాకు ఆ మాట నచ్చదు. దక్షిణ గుజరాత్ తిండి, తెలంగాణ పాత తిండి దగ్గరి చుట్టాలు. మన తాతలు తిన్న జొన్నలు, రాగులు, కందులు, నువ్వులు, పల్లీలు ఇక్కడి కిరాణా కొట్లో బస్తాల్లో ఉంటాయి. మనమే సూరత్ వచ్చాక వాటిని వదిలేసి కోలమ్ బియ్యం బస్తాకు అతుక్కున్నాం. డాంగ్ జిల్లా కొండల్లో పండే రాగులను ఇక్కడ నాగ్లీ అంటారు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది, ఏ ధాన్యంలోనూ అంత లేదు. నువ్వుల్ని తల్ అనీ, పల్లీల్ని సింగ్ అనీ అడగండి.

కూరల బండి దగ్గర తెలియాల్సిన పేర్లు ఎన్నో లేవు. తోటకూర కావాలంటే తాందళజో. మునక్కాయ సరగవో, సొరకాయ దూధీ, బీరకాయ తురియా, నేతిబీర గలకా, గోరుచిక్కుడు గువార్, దొండకాయ టిండోరా, బొబ్బర్లు చోళీ, పెసలు మగ్. "మాసీ, తాందళజో తాజో ఛే?" అని ఒక్కసారి అడిగితే ఆమె రేపటి నుంచి మీకోసం ఒక కట్ట పక్కన పెడుతుంది.

చలికాలం ఇక్కడి బజారుకు పండగ. సుర్తీ పాప్డీ అనే చిక్కుడు, పచ్చి కందికాయలు, మెంతికూర, పచ్చి పసుపు కొమ్ములు, కందగడ్డలు కుప్పలు పోస్తారు. పచ్చి కందికాయలను ఉప్పేసి ఉడకబెట్టి పిల్లల ముందు పెడితే చిప్స్ పొట్లం అడగరు. అదే కాలంలో సూరత్ వాళ్లు పోంక్ అని ప్రాణం పెడతారు. లేత జొన్నకంకుల్ని నిప్పుల మీద కాల్చి దులిపిన గింజలే అవి, మన ఊచబియ్యం లాంటివి. సేవ్ తక్కువ వేయించుకుని, నిమ్మకాయ పిండించుకుని తినండి. ఉంధియూ మాత్రం పండగ తిండి. అందులో కూరగాయలు ఎన్నున్నా నూనె ధారగా పోస్తారు, రోజూ కొని తెచ్చుకునేది కాదు.

కందిపప్పు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. ఇక్కడ పురుగు పట్టకుండా ఆముదం పట్టించిన కందిపప్పు అమ్ముతారు, చేత్తో పట్టుకుంటే జిడ్డు తగులుతుంది. దానిని మామూలుగా ఒకసారి కడిగి కుక్కర్లో వేస్తే పప్పుకు ఒకరకం వాసన వచ్చి, ఊరి పప్పు రుచి ఇక్కడ రాదనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో మూడుసార్లు పిసికి కడిగి, అరగంట నానబెట్టి వండండి.

ఆకుకూర గురించి ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గుజరాత్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 65 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, తెలంగాణలో 57 శాతం దాటింది. ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరించే, స్టోన్లు అంటించే పని చేస్తూ, అందరికీ పెట్టాక గిన్నె అడుగున మిగిలింది తినే ఆడవాళ్ల సంగతి ఈ అంకెలోనే ఉంది. వారానికి నాలుగైదు సార్లు ఆకుకూర పప్పు, దానిమీద పిండిన అర నిమ్మచెక్క. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా చాయ్ తాగకూడదు, చాయ్ ఆ ఇనుమును పట్టనివ్వదు. అలసట తగ్గకపోతే ఆకుకూరతో సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి.

పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు

పగటి షిఫ్టు వారంలో రాత్రి తొమ్మిదికి చేయాల్సింది పావుగంట పని. పప్పు కొలిచి, మర్నాటి కూర తరిగి మూత పెట్టడం. ఆకుకూర అయితే కడిగి ఆరబెట్టి బట్టలో చుట్టాలి, పొద్దున తరగాలి. అయిదింటికి లేవగానే పప్పు కడిగి నీళ్లలో వేసి, అయిదున్నరకు కుక్కర్ అడుగున పప్పు, పై గిన్నెలో బియ్యం పెడితే, రెండో పొయ్యి మీద కూర అవుతుంది. ఆరుంబావుకల్లా డబ్బా కట్టొచ్చు. ఇందులో గొప్ప నేర్పు ఏమీ లేదు. రాత్రి ఆ పావుగంట పని చేశారా లేదా అన్నదే తేడా.

డబ్బాలో పెట్టేది ఆరేడు గంటలు వేడిలో నిలవాలి. గట్టిపప్పు నిలుస్తుంది, వేపుడు నిలుస్తుంది, రొట్టె నిలుస్తుంది. కొబ్బరి పచ్చడి నిలవదు. పెరుగు తీసుకెళ్తే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది కాబట్టి పెరుగు బదులు పాలు తీసుకెళ్లండి. పొద్దున గోరువెచ్చటి పాలలో అర చెంచా పెరుగు కలిపి చిన్న స్టీలు గిన్నెలో పోసి గట్టిగా మూత పెడితే, మిల్లు వేడికి ఒంటిగంటకల్లా తీయటి పెరుగు తోడుకుంటుంది. అన్నంలోనే పాలు పోసి తోడు వేసినా అంతే. 1951లో పుట్టిన సుముల్ సహకార డెయిరీ పాల పొట్లాలు ఇక్కడ ప్రతి కొట్లో ఉంటాయి.

సర్వపిండి కూడా డబ్బాకు పుట్టిన వంటే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి సన్నటి సెగ మీద కాల్చేది. వారానికి రెండుసార్లు అన్నం బదులు అది పెట్టండి. నూనె అడుగున రెండు చెంచాలు చాలు, గిన్నె తిప్పుతూ కాల్చేవాళ్లకు ఎక్కువ అవసరం పడదు.

మిల్లులో డబ్బా ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాలి. రంగుల డ్రమ్ముల పక్కన, మెషిన్ మీద పెట్టొద్దు. రంగులు, రసాయనాలు ముట్టుకున్న చేతుల్ని నీళ్లతో తడిపితే సరిపోదు, సబ్బుతో మోచేతుల దాకా కడగాలి. ఒక సబ్బుముక్కను చిన్న డబ్బాలో వేసి చేతిసంచిలో పెట్టుకుని తిరగండి.

రాత్రి షిఫ్టు అసలు పరీక్ష. చాలామంది రాత్రి పదకొండుకో పన్నెండుకో కడుపారా అన్నం తిని, రెండింటికి నిద్రతో తూగుతూ నాలుగైదు చాయ్‌లు తాగుతారు. ఆ వేళ అరుగుదల మందగిస్తుంది. కాబట్టి రాత్రి షిఫ్టువాడి పెద్ద భోజనం సాయంత్రం అయిదున్నరకే పడాలి: అన్నమో రొట్టెలో, పప్పు, కూర, మజ్జిగ, అన్నీ. డబ్బాలో ఒంటిగంటకు తినడానికి చిన్నది చాలు. రెండు జొన్నరొట్టెలు పల్లీల పొడితో, లేదా మొలకెత్తిన పెసలు ఉల్లిగడ్డ, నిమ్మరసంతో, రెండు అరటిపళ్లు. చాయ్ రెండు కప్పులతో ఆగాలి. ఇక్కడి చాయ్‌లో చక్కెర ఎక్కువ. కప్పుకు రెండు చెంచాలు, అంటే పది గ్రాములనుకుంటే అయిదు కప్పులకు యాభై గ్రాములు. రెండు వేల కెలోరీలు తినే మనిషి అదనపు చక్కెర ఆ యాభై దాటొద్దని, పాతికలోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. రాత్రి చాయ్‌తోనే ఆ కోటా ఖాళీ అవుతోంది.

పొద్దున ఏడున్నరకు ఇంటికొచ్చాక రాగి అంబలి ఒక చెంబు, లేదా ఎండాకాలమైతే చద్దన్నం, ఉల్లిగడ్డ. తర్వాత కిటికీకి దుప్పటి కట్టి నిద్ర. మధ్యాహ్నం లేచాక మామూలు భోజనం. చద్దన్నం విషయంలో ఒక జాగ్రత్త ఉంది. రాత్రి మిగిలిన అన్నాన్ని పొడిగా గిన్నెలో వదిలేసి పొద్దున నీళ్లు పోస్తే అది చద్దన్నం కాదు. ఉక్కపోతలో గంటల తరబడి పడున్న అన్నంలో పెరిగే సూక్ష్మజీవులు వాంతులు తెప్పిస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అన్నం ఆరగానే నీళ్లు, కాస్త పెరుగు వేసి మూత పెట్టాలి.

జొన్నరొట్టె చెయ్యి తిరగాలంటే

ఈ అధ్యాయంలో నేను మిమ్మల్ని కొత్తగా నేర్చుకోమని అడిగేది ఒక్కటే, అది కూడా మీ నాయనమ్మకు వచ్చిందే. జొన్నరొట్టె అరగడానికి సమయం తీసుకుంటుంది కాబట్టి ఆకలి త్వరగా వేయదు, పన్నెండు గంటల షిఫ్టుకు అంతకంటే కావాల్సిందేముంది? పూటకు రెండు రొట్టెలు తింటే అన్నం కుప్ప దానంతటదే తగ్గుతుంది.

రొట్టె విరిగిపోతోందని మానేసేవాళ్లే ఎక్కువ. తప్పు చేతిలో కాదు, పిండిలో ఉంటుంది. ప్యాకెట్ పిండి నెలల కిందటిదైతే చేదెక్కుతుంది, సాగదు. జొన్నలు కొని, కడిగి ఎండబోసి, గిర్నికి, అదే ఇక్కడి ఘంటీకి, పట్టుకెళ్లి వారానికి సరిపడానే పట్టించండి. గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నకు లేదు. ఆ పని వేడినీళ్లు చేయాలి. రెండు గిద్దెల పిండికి దాదాపు అంతే నీళ్లు చిటికెడు ఉప్పుతో తెర్లించి, పొయ్యి ఆపి, పిండి మధ్యలో గుంట చేసి సగానికి పైగా పోసి చెక్కగరిటెతో కలపండి. మూత పెట్టి చెయ్యి ఆనేదాకా ఆగండి. తర్వాత మిగిలిన నీళ్లు కొంచెం కొంచెం చిలకరిస్తూ అరచేతి మడమతో పీటకేసి నెడుతూ పిసకాలి. అయిదు నిమిషాలు. ముద్దను వేలితో నొక్కితే అంచు పగలకూడదు, పగిలితే ఇంకాస్త తడి, ఇంకాస్త పిసుకుడు.

పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను పెట్టి, కుడి అరచేత్తో తడుతుంటే రొట్టె తనంతట తాను తిరగాలి. తిరగడం లేదంటే కింద పిండి చాలలేదు. పెనం బాగా కాలాక, పిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేయండి. వెంటనే తడిగుడ్డతో పైభాగమంతా నీళ్లు రాయండి, పొడిపిండి మొత్తం తడవాలి. ఆ తడి ఆరుతుండగా, పూర్తిగా ఆరకముందే తిప్పండి. ఆలస్యమైతే పైన బీటలు పడతాయి. రెండో వైపు మచ్చలు వచ్చాక మంట మీదకు జరిపితే పొంగుతుంది. పొంగకపోయినా తినొచ్చు, ఎవరూ మార్కులు వేయరు. డబ్బాకైతే వేడి తగ్గాక బట్టలో చుట్టి పెట్టండి, వేడిమీదే మూతపెడితే చెమటపట్టి మెత్తబడతాయి.

తోడుగా తోటకూర పెసరపప్పు. పెసరపప్పు నానబెట్టే పని లేదు. ముప్పావు ఉడికాక తరిగిన ఆకు, పచ్చిమిర్చి, పసుపు వేసి, మూత లేకుండా ఆకు మెత్తబడే దాకా ఉంచి, ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు పెట్టడమే. ఒక చెంచా నూనెతో నలుగురికి వస్తుంది. చింతపండు వేయకండి, దించాక నిమ్మకాయ పిండండి.

ఒక గదిలో నలుగురు

పెళ్లికాని పిల్లలు, ఇల్లు ఊళ్లో వదిలి వచ్చినవాళ్లు మెస్సులో తింటారు. మెస్సు తప్పు కాదు గానీ, అక్కడి పప్పు పలచన, రోజూ ఆలుగడ్డే. గుజరాతీ పద్ధతి మెస్సయితే పప్పులో బెల్లం మన నాలుకకు పడక అన్నం తొక్కుతో ముగిస్తారు. నలుగురు కలిస్తే రోజుకు ఒకపూట గదిలో వండుకోవడం కష్టం కాదు. మొదటి అడ్డంకి గ్యాస్. అడ్రసు కాగితం లేకుండానే గుర్తింపు కార్డు మీద అయిదు కిలోల చిన్న సిలిండర్ తీసుకోవచ్చు, ఇండియన్ ఆయిల్ దానికి 2020లో ఛోటూ అని పేరు పెట్టింది. కుటుంబంతో ఉండే పేద ఇళ్లకు 2021 ఆగస్టులో మొదలైన ఉజ్వల రెండో విడతలో, వలస వచ్చినవాళ్లు అడ్రసుకు సొంత ధ్రువీకరణ రాసిస్తే చాలన్న వెసులుబాటు ఇచ్చారు. సిలిండర్ ఏదైనా, తలుపు కిటికీ మూసిన గదిలో పొయ్యి వెలిగించొద్దు.

రెండోది రేషన్. ఆహార భద్రత చట్టం కింద తెలంగాణలో కార్డు ఉంటే ఆ బియ్యం ఇక్కడి చౌకధరల దుకాణంలోనూ తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిని 2019 ఆగస్టులో ముందు తెలంగాణ–ఆంధ్ర మధ్య, గుజరాత్–మహారాష్ట్ర మధ్య మొదలుపెట్టి, 2022 కల్లా దేశమంతటికీ విస్తరించారు. కార్డు ఆధార్‌తో ముడిపడి ఉండాలి, వేలిముద్ర పడాలి. బియ్యం డబ్బు మిగిలితే అది పప్పులోకి, పాలలోకి పోవాలి. మిగిలిన డబ్బుతో ఇంకో బియ్యం బస్తా కొంటే ఇంతసేపు చెప్పిందంతా వృథా.

వంతులు రాసుకుని గోడకు అంటించండి. ఒకడు కూర తెచ్చేవాడు, ఒకడు వండేవాడు, ఒకడు గిన్నెలు తోమేవాడు, నాలుగోవాడు లెక్క రాసేవాడు, వారం వారం మార్పు. గిన్నెలు తోమే దగ్గరే ఇలాంటి ఏర్పాట్లు కూలిపోతాయి, వండే దగ్గర కాదు. వండినవాడు ఆ రోజు గిన్నె ముట్టకూడదన్న ఒక్క నియమం పెట్టుకోండి.

ఈ అధ్యాయం చదివి చాలామంది మగవాళ్లు పుస్తకాన్ని భార్య చేతికిస్తారని నాకు తెలుసు. ఇంట్లో వంట ఆరోగ్యంగా ఉండాలని చెప్పే ప్రతి పుస్తకమూ చివరికి ఆడమనిషి నెత్తిన ఇంకో గంట పని పెడుతుంది. అయిదింటికి ఆమె ఒక్కతే లేస్తే ఈ పద్ధతి నెలకంటే ఎక్కువ నిలవదు. ఆమెకూ చీరల పని ఉంది, పిల్లల బడి ఉంది. నడుస్తున్న సాంచె మీద తెగిన పోగును రెప్పపాటులో ముడివేసే చేతికి ఉల్లిగడ్డ తరగడం రాదంటే నేను నమ్మను. రాత్రి పావుగంట పని మగవాడిది, పొద్దున పొయ్యి ఎవరి షిఫ్టు లేకపోతే వాళ్లది.

కాబట్టి అన్నా, ఈ ఆదివారం రెండు కిలోల జొన్నలు ఘంటీలో పట్టించుకురండి. వచ్చేటప్పుడు రెండు కట్టల తోటకూర, కిలో పెసరపప్పు, అరడజను నిమ్మకాయలు తెండి. రొట్టె తట్టడం వదిన నేర్పుతుంది, మొదటి నాలుగు విరుగుతాయి, అవి మీరే తినండి.